బహుఘాత వాయు తుపాకీ: పునరుద్ధరణ, పరిరక్షణ

సంపీడనం చెందిన వాయువు తిరిగి వ్యాకోచించేటప్పుడు వెలువడే శక్తితో గుండును నాళంలో ముందుకు తోసే సాధనాన్ని వాయు తుపాకీ అంటాం. ఆ శక్తి ఎక్కడ, ఏ రూపంలో నిల్వ ఉంటుందన్న దాన్ని బట్టి ఈ తుపాకులను వర్గీకరిస్తారు. మన జాతరల్లో బుడగలు కొట్టడానికి పెట్టే ఎయిర్‌గన్నులో శక్తి స్ప్రింగులో ఉంటుంది. గుర్రం (ట్రిగ్గర్) నొక్కిన క్షణంలోనే అక్కడ గాలి సంపీడనం చెందుతుంది. రెండో వర్గంలో బొగ్గుపులుసు వాయువును ద్రవరూపంలో చిన్న గొట్టంలో నింపి వాడతారు. మూడో వర్గంలో బయటి పంపుతోనో సిలిండరుతోనో గాలిని ముందుగానే నింపి ఉంచుతారు. నాలుగో వర్గమే ఈ వ్యాసానికి విషయం. ఇందులో పంపు తుపాకీలోనే అంతర్భాగమై ఉంటుంది. నాళం కింద అమర్చిన మీటను పలుమార్లు ఆడించి, చేతి శ్రమను గాలి పీడనంగా మార్చి, చిన్న గదిలో నిల్వ చేస్తారు. మీటను ఒకసారి పూర్తిగా తెరిచి మూయడం ఒక ఘాతం. ఒక్క గుండుకు పలు ఘాతాలు కావాలి కనుక దీనిని బహుఘాత వాయు తుపాకీ అనవచ్చు.

గాలిని ఆయుధశక్తిగా వాడటం కొత్త కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన జిరార్డోని తుపాకీలో మడమ భాగమే గాలి కోశం. దానిని నింపడానికి వందల కొద్దీ ఘాతాలు పట్టేవి. 1803–1806 మధ్య అమెరికా ఖండాన్ని దాటిన లూయిస్, క్లార్కుల యాత్రలోనూ ఒక వాయు తుపాకీ ఉంది. పంపు తనలోనే ఇముడ్చుకున్న తుపాకులు మాత్రం 20వ శతాబ్దపు అమెరికాలోనే విస్తృతంగా వెలిశాయి. బెంజమిన్, క్రాస్‌మన్, షెరిడన్ అన్నవి వాటిలో ప్రసిద్ధమైన పేర్లు. విస్కాన్సిన్ రాష్ట్రంలో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న రసీన్ పట్టణంలో షెరిడన్ సంస్థ 1947లో తన మొదటి నమూనాను విడుదల చేసింది. అది పనితనంలో మేటి, ధరలోనూ ఎక్కువే. అందుకే 1949లో కొంత సరళమైన ‘సిల్వర్ స్ట్రీక్’ వచ్చింది, దాని వెంట ‘బ్లూ స్ట్రీక్’ వచ్చింది. నికెల్ పూత ఉన్నది మొదటిది, నల్లని పూత ఉన్నది రెండోది. లోపలి యంత్రం రెండింటికీ ఒక్కటే. ఇత్తడి నళిక, అక్రోటు కర్ర, 5 మిల్లీమీటర్ల నాళవ్యాసం వీటి గుర్తులు. 1992లో ఈ సంస్థ క్రాస్‌మన్ చేతికి వెళ్లింది. ఈ వ్యాసంలో ఉదాహరణగా ఈ తుపాకీనే తీసుకుంటున్నాను. పునరుద్ధరణకు ఇంత అనువైన నిర్మాణం ఆ కాలపు తుపాకుల్లో అరుదు.

నిర్మాణాన్ని ముందు గ్రహించాలి. మీటను తెరిస్తే ముషలకం (పిస్టన్) నళికలో, అంటే పంపు గొట్టంలో, ముందుకు జరిగి బయటి గాలిని లోనికి రానిస్తుంది. మూస్తే వెనక్కి వచ్చి ఆ గాలిని నొక్కుతుంది. నొక్కుడుపడిన గాలి ప్రవేశ కవాటాన్ని తోసుకొని నిల్వ గదిలోకి చేరుతుంది. ఈ కవాటం ఏకదిశామార్గం: లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. గదికి రెండో వైపున విసర్జన కవాటం ఉంటుంది. లోపలి పీడనమే దానిని తన పీఠానికి అదిమి మూసి ఉంచుతుంది. గుర్రం నొక్కగానే స్ప్రింగు తోసిన ఉక్కు సుత్తి ఈ కవాటపు కాడను కొడుతుంది, అది క్షణకాలం తెరుచుకుంటుంది, గాలి గుండు వెనక్కి ఉరుకుతుంది. ముషలకపు వాషరు, ప్రవేశ కవాటం, విసర్జన కవాటం అనే ఈ మూడు మూతలు బిగువుగా ఉన్నంతకాలం తుపాకీ బతికి ఉన్నట్టు. తక్కినదంతా కర్రా లోహమూ.

ఇక సూత్రం. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు నిర్ణీత ద్రవ్యరాశి గల వాయువు పీడనం దాని ఘనపరిమాణానికి విలోమానుపాతంలో ఉంటుందని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించాడు. ముషలకం ఒక ఘాతానికి 40 ఘనసెంటీమీటర్ల గాలిని తోస్తుందనీ, నిల్వ గది పరిమాణం 5 ఘనసెంటీమీటర్లనీ అనుకుందాం. ఆదర్శ స్థితిలో ఒక్కో ఘాతం 8 వాతావరణాల పీడనాన్ని చేరుస్తుంది. 8 ఘాతాలకు అది 64 వాతావరణాలవుతుంది. ముషలకపు వ్యాసం 18 మిల్లీమీటర్లయితే చివరి ఘాతపు చివరి క్షణంలో దాని ముఖం మీద దాదాపు 170 కిలోల బరువుకు సమానమైన బలం ఎదురొడ్డుతుంది. అంత బలాన్ని మనిషి ఒంటిచేత్తో నెగ్గగలగడానికి కారణం మీట అమరిక. మూసుకునే చివరి దశలో మీట, కలుపు కడ్డీ దాదాపు ఒకే సరళరేఖలోకి వచ్చి, చేతి బలాన్ని అనేక రెట్లు చేస్తాయి. నిజానికి సంపీడనం త్వరగా జరిగితే గాలి వేడెక్కుతుంది. ఆ ప్రక్రియ సమోష్ణోగ్రతా ప్రక్రియ కంటే స్థిరోష్ణక ప్రక్రియకు దగ్గర. అందుకే ఏకబిగిన పంపు కొట్టిన తర్వాత నళికను తాకితే గోరువెచ్చగా ఉంటుంది. ఆ వేడి లోహంలోకి ఇంకిపోగానే పీడనం కొంత తగ్గుతుంది.

ముషలకం పూర్తిగా మూసుకున్నాక కూడా దాని ముఖానికీ ప్రవేశ కవాటానికీ మధ్య మిగిలే ఖాళీని శేషావకాశం అందాం. పునరుద్ధరణలో ఎక్కువమంది పట్టించుకోని అంశం ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. పై ఉదాహరణలో శేషావకాశం అర ఘనసెంటీమీటరైతే పంపు అందించగల గరిష్ఠ పీడనం సుమారు 80 వాతావరణాలు. అది ఒక ఘనసెంటీమీటరుకు పెరిగితే ఆ హద్దు 40కి పడిపోతుంది. హద్దును సమీపించిన కొద్దీ ప్రతి ఘాతం చేర్చే గాలి తగ్గిపోతుంది. మనిషి చెమటోడుస్తాడు, తుపాకీ మాత్రం బలం పుంజుకోదు. అరిగి పలుచబడిన వాషరు, వదులైన ఇరుసు పిన్ను, సాగిన పిన్ను రంధ్రం అనే చిన్న లోపాలు కలిసి ఈ ఖాళీని పెంచుతాయి. కొన్ని నమూనాల్లో ముషలక దండం పొడవును మరతో సర్దుకోవచ్చు. మీట పూర్తిగా మూసుకునే క్షణంలో వాషరు కవాటపు ముఖాన్ని మృదువుగా తాకేటట్టు దానిని అమర్చాలి.

షెరిడన్ తుపాకీకి 3 నుంచి 8 ఘాతాల వరకే మితం. అంతకు మించి కొడితే బలం పెరుగుతుందనుకోవడం భ్రమ. గదిలో పీడనం పెరిగిన కొద్దీ విసర్జన కవాటం తన పీఠానికి మరింత గట్టిగా అదుముకుంటుంది. సుత్తి దెబ్బకున్న శక్తి మాత్రం మారదు. ఒక దశ దాటాక కవాటం తగినంత తెరుచుకోదు, గాలి సగం లోపలే మిగులుతుంది. గుండు మామూలు కంటే నెమ్మదిగా పోతుంది. మీట ఇరుసులు, పిన్నులు వంగుతాయి. వెలితిగా కనిపించే గది ఇంకా నిండే ఉంటుంది. ఈ చివరిది ప్రమాదం కూడా.

లోపాన్ని గుర్తించడానికి తుపాకీని విప్పనక్కరలేదు. గుండు లేకుండా మూడు ఘాతాలు కొట్టి ఆగాలి. మీట చేతికి ఏ ఎదురూ ఇవ్వకపోతే ముషలకపు వాషరు ఎండిపోయిందనో చిరిగిందనో అర్థం. ఎదురిచ్చి, మూసిన మీట తనంతట తానే మెల్లగా తెరుచుకుంటూ వస్తే ప్రవేశ కవాటం వెనక్కి కారుతోంది. మీట కదలకపోయినా కొంతసేపటికి గాలి మాయమైతే విసర్జన కవాటాన్ని అనుమానించాలి. తుపాకీని సురక్షితమైన దిశకు వంచి, నాళపు కొసన ఒక చుక్క పలుచని నూనె వేసి పక్కనుంచి చూస్తే, ఆ చుక్క పొరలా సాగి ఉబ్బి, సన్నని బుడగై పగులుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఆ బుడగల మధ్య వ్యవధే కారుడు తీవ్రతకు కొలత.

విప్పే ముందు గది ఖాళీ చేయాలి. బోల్టు తెరిచి గుండు లేదని కళ్లతో చూసుకొని, దట్టమైన అడ్డు వైపు గురిపెట్టి, శబ్దం రాకుండా పోయేదాకా ఖాళీగా పేల్చాలి. అప్పటికీ గాలి ఉందనుకునే పనిచేయాలి. పిన్నులను ఇత్తడి లేదా నైలాన్ కడ్డీతో, ఒకే వైపు నుంచి, నెమ్మదిగా తట్టి తీయాలి. తీసిన ప్రతి భాగాన్నీ తీసిన వరుసలోనే గుడ్డ మీద పేర్చి ఫొటో తీసుకోవడం మంచిది. కవాట గృహం నళికలో లోతుగా మరతో బిగించి ఉంటుంది. దానికి పొడవాటి ప్రత్యేక సాధనం అవసరం. చేతికందిన స్క్రూడ్రైవరుతో తిప్పబోతే మెత్తని ఇత్తడి గాడి చెదిరిపోతుంది, తర్వాత ఏ సాధనానికీ పట్టు దొరకదు.

పాత తుపాకుల్లో వాషరు తోలుది. ఎండిన తోలును పారేయకండి: నూనెలో ఒక రాత్రి నానబెడితే చాలా సార్లు తిరిగి మెత్తబడి, పెదవి విచ్చుకొని నళికను పట్టుకుంటుంది. అంచు చిరిగినా పగిలినా మార్చక తప్పదు. రబ్బరు వలయాలను మాత్రం విప్పినప్పుడల్లా కొత్తవే వేయాలి. కొన్నేళ్లు నొక్కుడుపడి ఉన్న రబ్బరు తన గుండ్రదనాన్ని కోల్పోతుంది. కవాటపు ముఖం మీద ఇరుక్కున్న రేణువును, కంటికి ఆనని గీతను భూతద్దంతో వెతకాలి. గీత పైపైనే ఉంటే అతి సన్నని పాలిష్ పిండితో, కవాటాన్ని తన పీఠం మీదే తిప్పుతూ నున్న చేయవచ్చు. ఆ తర్వాత పిండి ఆనవాలు కూడా మిగలకుండా కడగాలి.

శుభ్రపరచడంలో ఒక హెచ్చరికకు మన దేశంలోనే ఆధారముంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో ఇత్తడి తూటా తొడుగులను వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. ఏ దెబ్బా తగలకుండానే అవి పగిలిపోయేవి. వానాకాలంలోనే జరిగేది కనుక దానికి ఋతుపగుళ్లని పేరు వచ్చింది. గుర్రపు మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తేమ, తయారీలో లోహంలో మిగిలిపోయిన ప్రతిబలం కలిసి ఇత్తడిని చీలుస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. పీడనాన్ని మోసే ఇత్తడి నళికను అమ్మోనియా కలిసిన మెరుగు ద్రావణాలతో తోమడం అందుకే తగదు. గోరువెచ్చని సబ్బునీరు, మెత్తని గుడ్డ, పూర్తిగా ఆరబెట్టడం చాలు. నాళాన్ని నళికకు మాటు వేసి అతికించారు కనుక నిప్పు సెగ చూపకూడదు. నాళంలోని మెలి గాడులు కూడా ఇత్తడివే. ఉక్కు బ్రష్షు వాటిని తినేస్తుంది, నైలాన్ బ్రష్షు వాడాలి. నల్లపూత అరిగి ఇత్తడి తొంగిచూస్తున్న చోట కొత్త రంగు పూయాలన్న ఉబలాటాన్ని ఆపుకోవడం మేలు. ఆ అరుగుదల పట్టిన చేతుల చరిత్ర. సేకర్తలు దానికే విలువ కడతారు.

నిత్య పోషణ స్వల్పమే. డిటర్జెంటు కలవని 30 గ్రేడు నూనెను అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు ముషలకపు వాషరుకు, ఇరుసులకు అందిస్తే చాలు. సులభంగా ఆవిరయ్యే పలుచని నూనెలు పంపులోకి పోకూడదు. సంపీడనపు వేడికి వాటి ఆవిరి అంటుకునే అవకాశం ఉంది. భద్రపరిచేటప్పుడు ఒక ఘాతం గాలి గదిలో ఉంచితే కవాటాలు తమ పీఠాలకు అదిమి ఉండి దుమ్ము చొరబడదు. అలా ఉంచిన తుపాకీ ఎల్లప్పుడూ నిండి ఉన్నట్టే కనుక, గుండు లేకుండా, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. సీసపు గుండ్లు పట్టిన చేతులను తిండికి ముందు కడుక్కోవడం మరవకూడదు.

ఇక చివరిగా చట్టం సంగతి. హైదరాబాదులో పెరిగిన షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల పోటీలో కాంస్యం గెలిచినది వాయు తుపాకీతోనే. ఆ పోటీలో గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. మన దేశంలో 2016 నాటి ఆయుధ నియమాలు గీసిన గీత కూడా అదే: నాళవ్యాసం 4.5 మిల్లీమీటర్లు మించినా, గుండు శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. గ్రాము బరువున్న గుండు సెకనుకు 190 మీటర్ల వేగంతో పోతే శక్తి 18 జౌళ్లు. అయినా 5 మిల్లీమీటర్ల షెరిడన్ నాళవ్యాసం వల్లనే ఆ గీతకు అవతల నిలుస్తుంది. తాతగారి అటకమీద నుంచో, విదేశంలోని బంధువు సామాను నుంచో ఇటువంటి తుపాకీ మీ చేతికి వస్తే, పిన్ను తట్టే ముందు నాళవ్యాసం కొలవండి. పరిమితి దాటితే ముందుగా లైసెన్సు అధికారి వద్దకు వెళ్లండి.