మన సర్టిఫికెట్ సముద్రం దాటాలంటే...

ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లల్లో రెండు ముచ్చట్లు లేని ఇల్లు ఉండదు. ఒకటి పసుపు ధర, రెండోది గల్ఫ్ వీసా. పసుపు గురించి రాసేవాళ్లు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. మేము రెండో దాని గురించి, అందులోనూ అవసరం పడేదాకా ఎవరూ చెప్పని ఒక సంగతి గురించి రాస్తున్నాం. మన మెమో, డిగ్రీ పట్టా, పెళ్లి సర్టిఫికెట్, వారసత్వ పత్రం వేరే దేశంలో చెల్లాలంటే ఏం చేయాలి?

ఇది మాకు పుస్తకాల్లో దొరకలేదు. మన హాస్టల్లో చదివిన ఒక తమ్ముడి నాన్న దుబాయిలో కట్టడం పనిలో ఉండగా చనిపోయారు. శవపేటిక వచ్చింది, దహనం అయింది. రావలసిన జీతం, సర్వీసు డబ్బు మాత్రం అక్కడే ఆగిపోయాయి. "వారసులెవరో కాగితం పంపండి. డబ్బు తీసుకోవడానికి ఇక్కడున్న ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. రెండింటి మీదా అటెస్టేషన్ ఉండాలి" అన్నారు. ఆ అమ్మకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. ఇంట్లో చదివింది తమ్ముడొక్కడే. వాడు మాకు ఫోన్ చేశాడు. మేము ముగ్గురం పీజీ చదివిన వాళ్లమే గానీ, అటెస్టేషన్ అంటే జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ ఇంకు సంతకం అనే అనుకున్నాం. అది ఇది కాదని తిరిగి తిరిగి తెలుసుకున్నాం.

ఇన్ని ముద్రలు ఎందుకు?

మన పసుపు నిజామాబాద్ యార్డు నుంచి సాంగ్లీకి పోతుంది. అక్కడి వ్యాపారికి మన రైతు ఎవరో తెలియదు. రైతును ఇక్కడి కమీషన్ ఏజెంటు ఎరుగును, ఏజెంటును ఖరీదుదారు ఎరుగును, ఖరీదుదారును సాంగ్లీ వ్యాపారి ఎరుగును. ఒకరి మాట మీద ఇంకొకరి నమ్మకం. కాగితాలకూ అంతే. మన తహసీల్దారు సంతకం దుబాయి కోర్టుకు తెలియదు. ఆ సంతకాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఎరుగును. రాష్ట్ర అధికారి సంతకాన్ని ఢిల్లీలోని విదేశాంగ మంత్రిత్వ శాఖ ఎరుగును. మంత్రిత్వ శాఖ సంతకాన్ని ఆ దేశపు రాయబార కార్యాలయం ఎరుగును. ప్రతి ముద్ర తన కిందున్న సంతకం నిజమైనదే అని మాత్రమే చెబుతుంది. కాగితంలో రాసింది నిజమని ఏ ముద్రా చెప్పదు. దొంగ డిగ్రీ మీద ఎన్ని ముద్రలు పడినా అది దొంగ డిగ్రీయే. పట్టుబడితే ఆ దేశంలో జైలు పాలు కావాలి.

మెట్లు ఇవీ

మొదటి మెట్టు: అసలు కాగితం. చదువు సర్టిఫికెట్లయితే బోర్డు లేదా విశ్వవిద్యాలయం ఇచ్చినవి. జనన, మరణ పత్రాలైతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి. అఫిడవిట్, పవర్ ఆఫ్ అటార్నీ అయితే నోటరీ ముందు సంతకం చేయాలి.

రెండో మెట్టు: రాష్ట్ర ప్రభుత్వం. చదువు పత్రాలను విద్యాశాఖ తరఫున, మిగతా సొంత పత్రాలను హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ తరఫున నియమించిన అధికారి ధ్రువీకరిస్తారు.

మూడో మెట్టు: విదేశాంగ మంత్రిత్వ శాఖ. ఒకప్పుడు దీనికి ఢిల్లీలోని పాటియాలా హౌస్ ఒక్కటే దిక్కు. 2019 జనవరి నుంచి హైదరాబాద్ సహా 15 నగరాల్లో ఈ పని జరుగుతోంది. అయితే 2012 నుంచి మంత్రిత్వ శాఖ మన చేతి నుంచి నేరుగా కాగితాలు తీసుకోవడం లేదు. తాను గుర్తించిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. వాటి పేర్లు మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఉంటాయి.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది.

అపోస్టిల్ దారి, ఎంబసీ దారి

1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో కొన్ని దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒక దేశం ఇచ్చిన కాగితం మీద ఆ దేశమే ఒక ప్రత్యేక ధ్రువీకరణ వేస్తే చాలు, ఇంకో దేశపు రాయబార కార్యాలయం ముద్ర అక్కర్లేదు అని. ఆ ధ్రువీకరణనే అపోస్టిల్ అంటారు. అది ఫ్రెంచి మాట. అందులో దేశం, సంతకం చేసిన వ్యక్తి, హోదా, తేదీ, సంఖ్య వంటి 10 అంశాలు ఉంటాయి. మన దేశంలో ఇది కాగితం వెనుక అంటించే స్టిక్కరు. దాని నంబరును కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చు. మన దేశానికి ఈ ఒప్పందం 2005 జూలై 14 నుంచి వర్తిస్తోంది.

గల్ఫ్ దేశాల్లో ఒమన్‌కు 2012 నుంచి, బహ్రెయిన్‌కు 2013 చివరి నుంచి, సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు 7 నుంచి ఈ ఒప్పందం అమలులో ఉంది. ఆ దేశాలకు అపోస్టిల్ చాలు. దుబాయి, అబుదాబి ఉన్న యూఏఈ, ఖతార్, కువైట్ ఇందులో చేరలేదు. వాటికి పాత దారే. మంత్రిత్వ శాఖ ముద్ర తర్వాత ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర పడాలి, ఆపైన అక్కడికి చేరాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కూడా పడాలి. కోర్టుకు పోయే కాగితమైతే అరబ్బీ అనువాదమూ ఉండాలి. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా ఒప్పందంలో ఉన్నవే. కెనడాకు 2024 జనవరి 11 నుంచి అమలులోకి వచ్చింది. అయితే చదువుకోవడానికి పోయేవాళ్లు ముందుగా ఆ విశ్వవిద్యాలయాన్ని అడగండి. వాళ్లు అడగని ముద్ర కోసం డబ్బు తగలేయవద్దు.

ఇక ఖర్చు. మామూలు ధ్రువీకరణకు విదేశాంగ మంత్రిత్వ శాఖ రుసుమేమీ తీసుకోదు. అపోస్టిల్‌కు ఒక్కో పత్రానికి 50 రూపాయలు. ఏజెన్సీ సర్వీసు చార్జీ వేరు, రాయబార కార్యాలయం ఫీజు వేరు. "అంతా నేనే చూసుకుంటా, ఇన్ని వేలు ఇవ్వండి" అనేవాళ్లు దొరుకుతారు. పని చేయించుకోవడం తప్పు కాదు గానీ, దేనికి ఎంత అని రాసిచ్చిన రసీదు లేకుండా ఒరిజినల్ చేతికివ్వకండి.

మా పని ఎక్కడ ఆగింది?

మేము ముద్రల గురించి భయపడ్డాం గానీ, పని ఆగింది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉంది, రేషన్ కార్డులో ఒక్క అక్షరమే ఉంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అసలు ఇంటిపేరే లేదు. మనూళ్లో ముగ్గురూ ఒక్క మనిషే అని అందరికీ తెలుసు. దూరదేశపు అధికారికి మాత్రం ముగ్గురు వేరు వేరు మనుషులు. కాగితాలు తిరిగి వచ్చాయి. మళ్లీ అఫిడవిట్, మళ్లీ తహసీల్దారు ఆఫీసు, మళ్లీ మొదటి మెట్టు. ఆ అమ్మ కూలి పని వదులుకుని ఎన్నిసార్లు ఆటో ఎక్కిందో మేము లెక్క పెట్టలేదు. ఆమెకు గుర్తుంది.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది

1. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి. అప్పుడు హెడ్మాస్టరు గారి దగ్గర ఒక్క నిమిషంలో దిద్దుకునే తప్పు, మెమో వచ్చాక నెలల పని అవుతుంది.

2. సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించకండి. ముద్రలు, స్టిక్కరు కాగితం మీదే పడాలి. ప్లాస్టిక్ కవరు ఫైలులో పెట్టుకోండి.

3. జనన ధ్రువపత్రం లేనివాళ్లు ఇప్పుడే తీసుకోండి. ఆలస్యంగా నమోదు చేయించాలంటే పైఅధికారి ఉత్తర్వు కావాలి, దానికి కాలం పడుతుంది.

4. గల్ఫ్‌లో ఉన్న నాన్నలు, అన్నల పాస్‌పోర్టు, వీసా, కంపెనీ ఒప్పందం జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు ఉంచండి. పాస్‌పోర్టులో ఉన్న పేరే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకంలో ఉందో లేదో ఆయన బతికి బాగున్నప్పుడే సరిచూడండి.

5. అక్కడున్నవాళ్లు ఇక్కడి భూమి పని కోసం పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేయాలి. అది మన దేశానికి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ఈ గడువు చాలామందికి తెలియదు.

ఆ తమ్ముడి ఇంటికి డబ్బు ఎనిమిది నెలలకు వచ్చింది. పేర్లు మొదటే ఒకటిగా ఉంటే సగం కాలం చాలేది. మన ఇళ్లల్లో కాగితం చదవగలిగింది తరచూ మనమే, అదీ మనమొక్కరమే. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ట్రంకు పెట్టె తెరిచి కాగితాలన్నీ మంచం మీద పరిచి, పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పూట పని అంతే.