పరుపు మెత్తదనమా, నడుము సుఖమా?

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని శరీరమును నిలుపు ఉపస్తంభములుగా చరకుడు పేర్కొన్నాడు. నిద్ర పట్టుటకు సుఖమైన శయ్య కావలెనని కూడ ఆయన చెప్పినాడు. సుఖమనగా మెత్తదనమని చాలమంది భ్రమ. నడుము నొప్పి రాగానే పరుపు తీసివేసి చెక్కబల్లపై పడుకొనువారు మరికొందరు. ఇదియు సరికాదు. దీర్ఘకాలముగా నడుము నొప్పి గల 313 మందిని స్పెయిన్ వైద్యులు 90 దినములు పరిశీలించి, ఫలితములను 2003లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. మిక్కిలి గట్టి పరుపుకంటె మధ్యస్థమైన గట్టిదనము గల పరుపే ఎక్కువ ఉపశమనము కలిగించినది.

ఆ మధ్యస్థము మనిషి బరువును బట్టి మారును. కావున అంగడిలో చేతితో నొక్కి చూచిన లాభము లేదు. మొహమాటపడక పది పదిహేను నిమిషములు పడుకొని చూడుడు. వెల్లకిలగా పడుకొని నడుము క్రింద అరచేయి దూర్చుడు. చేయి పోయిన తరువాత కూడ సందు మిగిలినచో పరుపు గట్టిది. చేయి దూరుటే కష్టమైనచో మీరు పరుపులో కూరుకొనిపోయినారు. తరువాత ప్రక్కకు తిరుగుడు. భుజము, తుంటి తగినంత దిగి, మెడ నుండి నడుము వరకు వెన్ను తిన్నగా నున్నదేమో ఇంటివారిని చూడమనుడు. భార్యాభర్తలు ఇరువురును పడుకొని చూడవలెను. ఒకరు కదలినప్పుడు రెండవవారికి మెలకువ వచ్చు పరుపు వద్దు. పసిబిడ్డలకు మాత్రము మెత్తని పరుపు ఊపిరికి ప్రమాదము. వారికి గట్టిగా, సమతలముగా నుండవలెను.

ఫోము పరుపును తూకముతో పట్టవచ్చును. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళముల మందము గల పరుపు 32 సాంద్రత గలదని అంగడివాడు చెప్పినచో, గలేబు కాక సుమారు 5.4 కిలోలు తూగవలెను. 40 అన్నచో 6.8 కిలోలు. కుప్పము నుండి రైలెక్కి బెంగుళూరులో కొనువారు ఈ లెక్క వ్రాసికొని పోవుట మంచిది. అంత దూరము నుండి తిరిగి ఇచ్చుట తేలిక కాదు గదా!

మదనపల్లె, పుంగనూరు ఎత్తైన పీఠభూమిపై నున్నవి. మార్గశిర, పుష్యములలో పత్తి పరుపు చెమ్మ పట్టి ఉండలు కట్టును. తరచు ఎండబెట్టి, గడ్డకట్టినప్పుడు దూది ఏకించినచో తిరిగి పొంగును. ఫోమును మాత్రము నీడలోనే గాలికి ఆరవేయవలెను. ఎండకు అది పెళుసెక్కును.

ఉదయము లేచునప్పుడు నొప్పియుండి, తిరుగాడగా తగ్గినచో పరుపును శంకింపవచ్చును. కాలు తిమ్మిరియెక్కి బలము తగ్గినను, మూత్రము బిగిసినను వెంటనే వైద్యుని చూడుడు.

క్రొత్త పరుపు కొనుటకు ముందు మంచమును కూడ చూచుకొనుడు. నవారు సడలి ఊయలవలె దిగినచో ఎంత మంచి పరుపైనను దానితోపాటు దిగును. నవారు బిగించి వారము దినములు పాత పరుపుపైననే పడుకొని చూడుడు.