పది గంటలకే ఫోన్ చేసి ఉంటే...

"అయ్యవారూ, మావాడు ఇంకా బడిలోనే ఉన్నాడా?"

సాయంత్రం ఆరు గంటలకు ఒక తండ్రి మా బడి గేటు దగ్గర నిలబడి అడిగిన మాట ఇది. 13 ఏళ్ల పిల్లవాడు, ఎనిమిదో తరగతి. ఉదయం సంచి తగిలించుకుని ఇంటి నుంచి బయలుదేరాడు, బడికి మాత్రం రాలేదు. హాజరుపట్టీలో అతని పేరు ఎదురుగా 'ఆబ్సెంట్' అని ఉంది. రాసింది మేమే. రాసి పాఠంలోకి వెళ్లిపోయాం. బడిలో ఉన్నాడని ఇంటివాళ్లు, ఇంట్లో ఉన్నాడని మేము అనుకుంటుండగానే తొమ్మిది గంటలు గడిచిపోయాయి.

మాది తమిళనాడులో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కి గంట ప్రయాణం చేస్తే కన్నడం. ఆ తండ్రి గులాబీ తోటలో కూలి పని చేస్తాడు. ముందురోజే మేము అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఇచ్చాం. తమిళంలో పిల్లవాడికి 18 మార్కులు వచ్చాయి. నాన్నతో సంతకం పెట్టించుకుని రమ్మన్నాం. ఆ పేపరు తర్వాత అతని పరుపు కింద దొరికింది.

స్టేషన్‌లో ఆ రాత్రి

పోలీసుల దగ్గరికి వెళదామంటే తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. "ఊరంతా తెలిసిపోతుంది సార్. కుప్పంలో మా అక్క ఇంటికి పోయుంటాడు" అన్నాడు. కుప్పానికి ఫోన్ చేస్తే అక్కడికీ రాలేదన్నారు. చివరికి స్టేషన్‌కు వెళ్లేసరికి రాత్రి పది దాటింది.

"రేపటిదాకా చూడండి, ఆకలేస్తే వాడే వస్తాడు" అన్నారు అక్కడ. 24 గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే తప్పనిసరిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, కాదని తేలేవరకు దాన్ని అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి వెతకాలని సుప్రీంకోర్టు 2013 మే 10న చెప్పింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరకకపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి అప్పగించాలి.

మాకు మొదట ఇచ్చింది సీఎస్‌ఆర్ రసీదు. తమిళనాడులోని తల్లిదండ్రులు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఫిర్యాదు అందిందని చెప్పే కాగితమే సీఎస్‌ఆర్, అది ఎఫ్‌ఐఆర్ కాదు. మాతో వచ్చిన తమిళ ఉపాధ్యాయుడు సుప్రీంకోర్టు తీర్పు సంగతి నెమ్మదిగా, మర్యాదగా గుర్తుచేశారు. అర్ధరాత్రికి ఎఫ్‌ఐఆర్ అయింది.

'అపహరణ' అన్న మాట విని తండ్రి భయపడ్డాడు. "ఎవరి మీద కేసు సార్? మావాళ్ల మీదికి వస్తుందా?" అని అడిగాడు. ఎవరి పేరూ రాయనక్కర్లేదు. ఆ సెక్షన్ పెడితేనే దర్యాప్తు మొదలవుతుంది, పక్క రాష్ట్రాలకు సమాచారం వెళుతుంది. ఈ మాట ఆయనకు తెలుగులో చెప్పేవాళ్లు ఆ గదిలో మేము తప్ప ఎవరూ లేరు.

పేరు ఒకటే, రాత మూడు రకాలు

పిల్లవాడు బెంగళూరు వెళ్లే రైలెక్కాడు. మరుసటి రోజు అక్కడి స్టేషన్‌లో ఒంటరిగా తిరుగుతుంటే రైల్వే రక్షణ దళం వాళ్లు చూసి బాలల సహాయ కేంద్రానికి అప్పగించారు. 24 గంటల్లోపే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచారు. అంతా చట్టం చెప్పినట్టే జరిగింది. అయినా ఆ సంగతి మాకు తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

కారణం పేరు. మా ఫిర్యాదులో తమిళ పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు పెట్టి రాశారు. పిల్లవాడు అక్కడ తెలుగువాళ్ల అలవాటు ప్రకారం ఇంటిపేరుతో చెప్పాడు. ఊరి పేరును కన్నడ అధికారి తనకు వినపడినట్టు రాసుకున్నారు. రెండు రాష్ట్రాల కాగితాల్లో అతను ఇద్దరు వేర్వేరు పిల్లలయ్యాడు.

చివరికి కలిపింది మా ప్రవేశ రిజిస్టర్. అందులో రాసిన రెండు పుట్టుమచ్చలు, వార్షికోత్సవంలో తీసిన ఫొటో పోలీసులకు ఇచ్చాం. వాటిని చూసి అక్కడివాళ్లు గుర్తుపట్టారు. ఇలాంటి వివరాలు చేర్చడానికే కేంద్రం 'మిషన్ వాత్సల్య' పోర్టల్ నడుపుతోంది. పాత ట్రాక్‌చైల్డ్, ఖోయా పాయా ఇప్పుడు అందులోనే ఉన్నాయి. అయితే అందులోకి వెళ్లే వివరాలు సరిగ్గా ఉండాలి. మన పిల్లల వివరాలు సరిగ్గా చెప్పగలిగింది మన బడే.

నా బిడ్డకు ఇన్ని కాగితాలా?

కమిటీ పిల్లవాడిని వెంటనే అప్పగించలేదు. "నా బిడ్డను నాకివ్వడానికి ఇన్ని కాగితాలా?" అని తండ్రి బాధపడ్డాడు. మాకూ మొదట విసుగొచ్చింది. తర్వాత అర్థమైంది. ఇంటి నుంచి వెళ్లిన ప్రతి పిల్లవాడూ మార్కుల కోసమే వెళ్లడు. కొందరు దెబ్బలు తట్టుకోలేక, కొందరు బాల్యవివాహం తప్పించుకోవడానికి, కొందరు ఇంట్లోవాళ్ల వేధింపు భరించలేక వెళతారు. అలాంటి పిల్లలను అడగకుండా తిరిగి పంపితే మళ్లీ వెళతారు. రెండోసారి ఇంత త్వరగా దొరకకపోవచ్చు. అందుకే కమిటీ పిల్లలతో మాట్లాడుతుంది, ఇంటి పరిస్థితి తెలుసుకుంటుంది. అవసరమైతే కేసును సొంత జిల్లా కమిటీకి పంపుతుంది.

ఆ మాటలు పిల్లల భాషలో జరగాలి. మా పిల్లవాడు రెండు రోజులు నోరు విప్పలేదట. తెలుగు తెలిసిన ఒక ఉద్యోగిని పక్కన కూర్చుని "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగాకే మాట్లాడాడు. ఇలాంటప్పుడు తెలుగు తెలిసినవాళ్లు కావాలని అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడకూడదు.

హాస్టళ్లలో, ఆశ్రమాల్లో ఉండే పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. సంస్థ పేరు పోతుందని వార్డెన్లు ఒకటి రెండు రోజులు తామే వెతుక్కుంటారు. బాలల గృహం నుంచి పిల్లలు కనిపించకపోతే పోలీసులకు, కమిటీకి తెలియజేయాలి. బడి హాస్టల్ అయినా అదే గంటలో పోలీసులకు, ఇంటివాళ్లకు చెప్పడమే సరైన పని.

మనం చేయవలసినవి

• పిల్లలు కనిపించకపోతే ఆ గంటలోనే 112కు గానీ 1098కు గానీ ఫోన్ చేయండి. రెండూ రాత్రీ పగలూ పనిచేస్తాయి.

• ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ఈ హక్కు ఇస్తోంది. సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది చాలా ముఖ్యం.

• ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి.

• ఈ ఏడాది తీసిన ఫొటో, పుట్టుమచ్చలు, పిల్లలు మాట్లాడే భాషలు, పేరు ఆధార్‌లో ఎలా ఉంది, పిల్లలు ఎలా చెబుతారు: ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి ఉంచండి.

• పిల్లలు దొరికాక వాట్సాప్‌లో తిరుగుతున్న ఫొటోలు తీసేయించండి. సంరక్షణలోకి వచ్చిన పిల్లల వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

• తిరిగి వచ్చిన పిల్లవాడిని తరగతిలో నిలబెట్టి "ఎక్కడికి పోయావురా?" అని అడగకండి.

ఈ చివరి మాట మాకు మేము చెప్పుకున్నది. తప్పు స్టేషన్‌ది ఎంత, మాది ఎంత అని ఆ వారమంతా మాట్లాడుకున్నాం. పోలీసులు పోగొట్టింది రెండు గంటలు. మేము పోగొట్టింది తొమ్మిది. సంతకం తెమ్మన్నప్పుడు పిల్లవాడి మొహం చూసి ఉంటే అదీ జరిగేది కాదేమో.

ఇప్పుడు మా బడిలో పది గంటలకల్లా రాని ప్రతి పిల్లవాడి ఇంటికీ ఫోన్ వెళుతుంది. కొందరు తల్లిదండ్రులకు మొదట్లో చిరాకుగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. మొన్న ఆ పిల్లవాడి పేరు ఎదురుగానే ఆబ్సెంట్ పడింది. ఫోన్ చేస్తే అతనే ఎత్తాడు.

"జ్వరం సార్. ఇంట్లోనే ఉన్నాను."