సొరంగమున చిక్కిన మూట

క్రషింగు రోజులలో గోవాడ చక్కెర కర్మాగారమునకు చెరకు మోయు ట్రాక్టర్లు చోడవరము వీధులలో సాగునపుడు, మోతాదు మీరి ఎత్తిన గడలు అడ్డముగా వ్రేలాడు కేబులు తీగలను తగులుకొనుట కద్దు. మునుపు తీగ తెగిన నాడు సీరియళ్ళకు మాత్రమే విఘాతము కలిగెడిది. 2020 లాక్‌డౌను నాటినుండి కొలువులకే కలుగుచున్నది.

అయితే తీగ తెగకయే కొలువు ఆగుటయు ఆ యేడే చూచితిమి. బెంగుళూరు విడిచి యింటికి చేరిన మా అమ్మాయి, మేడగదిలో లాప్‌టాప్ తెరచి కంపెనీ వీపీఎన్ కలుపగా అది క్షణములో కలిసినది. చిన్న సందేశములును వచ్చినవి. పెద్ద ఫైలు తెరువబోయిన మాత్రము చక్రము తిరుగుచునే యుండెను. “కనెక్టయింది నాన్నా, ఏదీ తెరుచుకోవట్లేదు” అని ఆమె వాపోవ, కేబులబ్బాయి వచ్చి, “లైట్లన్నీ ఎలుగుతున్నాయి కదండీ బాబూ, మా సైడు ఏటీ ప్రోబ్లెం లేదు” అని వెడలిపోయెను. ఇద్దరి మాటయు సత్యమే.

కేబులు తీగ పుట్టినది టీవీ బొమ్మలను పంచుటకు. కాలువ నీరు పొలములకు పారునట్లు ఒక్క దిక్కునకే పారు ఆ మార్గమున, ఇంటినుండి ఎదురు సంకేతము పంపగల మోడెమును 1990 దశకపు తొలినాళ్ళలో లాన్‌సిటీ స్థాపకుడు రూజ్‌బే యాసినీ వంటివారు తీర్చిదిద్దగా, 1997లో వెలువడిన డాక్సిస్ ప్రమాణము వేర్వేరు కంపెనీల మోడెములకు ఒకే భాష నేర్పెను. అంతకు ముందటి యేడే మైక్రోసాఫ్టులో గురుదీప్ సింగ్ పాల్ ప్రభృతులు పీపీటీపీ యను వీపీఎన్ సొరంగమును త్రవ్విరి. ఉత్తరమును కవరులో నుంచి, ఆ కవరును వేరొక కవరులో నుంచి పంపుటయే దాని కిటుకు. పిదప ప్రబలిన ఐపీసెక్, లోపలి కవరును ఎవ్వరును చదువలేని గూఢలిపిలోనికి మార్చెను.

చిక్కు ఇక్కడనే మొదలు. ఇంటిల్లిపాదిని ఒక్క చిరునామా చాటున దాచు రౌటరు, ఎవరి ఉత్తరము ఎవరిదో పోర్టు సంఖ్యను బట్టి పోల్చుకొనును. ఐపీసెక్ కవరుమీద ఆ సంఖ్యయే యుండదు. కావున 2005 నాటి ప్రమాణములు దానికి 4500 అను పోర్టు సంఖ్యగల ఇంకొక కవరు తొడిగినవి. ప్రతి చికిత్సయు ఒక కవరే యైనప్పుడు మూట (ప్యాకెట్) లావెక్కక మానునా? ఈథర్‌నెట్ మూటకు పరిమితి 1500 బైట్లు. యూజరునేము అడుగు పీపీపీఓఈ పద్ధతి అందులో 8 బైట్లు మ్రింగును. సొరంగపు కవరులు మరికొన్ని పదుల బైట్లు మ్రింగును. మోతాదు మించిన మూటను ఆపిన రౌటరు, “తగ్గించి పంపు”మని వెనుకకు చీటీ వ్రాయవలెనని 1990లోనే నియమమేర్పడినను, అతిజాగ్రత్తగల కొన్ని ఫైర్‌వాల్‌లు ఆ చీటీని మధ్యదారిలోనే చించివేయును. పంపువాడు విషయమెరుగక అదే మూటను మరల మరల పంపును. చిన్నమాటలు చేరుట, ఫైలు చేరకుండుట ఇందువలననే.

రాత్రి పదిగంటలకు, ముక్కలు చేయరాదను గురుతుతో అమ్మాయి పింగు పంపి చూచెను. 1472 బైట్లు పోలేదు, 1464 పోయినవి. దానికి శీర్షికల 28 కలుపగా సరిగా 1492. వీపీఎన్ మూట పరిమితిని, అనగా ఎంటీయూను, 1300కు దించగానే, పగలంతయు మొరాయించిన ఫైలు తెరుచుకొనెను.

నెల డబ్బులకు వచ్చిన కేబులబ్బాయికి ఈ సంగతి చెప్పితిని. “అప్పుడే సెప్పాను కదండీ” అనుచు రసీదు చింపి చేతికిచ్చెను.