మందు కొట్టే మనిషి మాటేమిటి?

పత్తి, మిరప వేసిన రైతుకు మందు కొట్టించాలంటే మూడు లెక్కలు గుర్తుకొస్తాయి. డబ్బా ధర ఎంత? ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడుతుంది? కూలి ఎంత? నాలుగో లెక్క కూడా ఒకటుంది. ఆ ట్యాంకును వీపున మోసుకుని చేనంతా తిరిగిన మనిషి ఒంట్లోకి ఎంత మందు పోయిందన్నదే ఆ లెక్క. దాన్ని ఏ పద్దులోనూ రాయడం లేదు.

చిన్న కమతాల్లో మందు కొట్టేది రైతే, లేదంటే ఊళ్లోని తోటి కూలీ. నీళ్లు మోసి మందు కలిపేది ఇంటి ఆడవాళ్లు. సాయంత్రం మందు తడిసిన బట్టలు ఉతికేదీ వాళ్లే. కాబట్టి పని చేసే చోట భద్రత అంటే ఫ్యాక్టరీ కార్మికుల సంగతే అనుకోవద్దు. ఎకరం, రెండెకరాలు ఉన్న రైతుకు చేనే పని చేసే చోటు.

యవత్మాల్ నేర్పిన పాఠం

ఆదిలాబాద్‌ను ఆనుకుని, పెన్‌గంగకు ఆవల ఉన్నది మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. మనలాగే నల్లరేగడి, మనలాగే పత్తి. 2017 వానాకాలంలో అక్కడ పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది పత్తి మనిషి ఎత్తుకు పెరిగింది. మందును పైకి కొట్టాల్సి రావడంతో తుంపర్లు తిరిగి మొహం మీదే పడ్డాయి. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. ఉక్కపోతకు చెమట కారుతున్న ఒళ్లు మందును ఇంకా తేలిగ్గా పీల్చుకుంది. చేతికి తొడుగు, మొహానికి అడ్డు లేకుండానే చాలామంది పని చేశారు.

ఇవన్నీ మన చేలల్లోనూ ఉన్నవే. "ఇన్నేళ్లుగా కొడుతున్నాం, మాకేం కాలేదు" అనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికే దారి తీస్తుంది.

ఒంట్లోకి దారి చర్మమే

మందు వాసన పీలిస్తేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. పిచికారీ చేసేవారి ఒంట్లోకి మందు ఎక్కువగా పోయేది చర్మం గుండానే. ట్యాంకు మూత కారి వీపు తడుస్తుంది. కొట్టిన వరుసలోకే నడిస్తే తొడలు, కాళ్లు తడుస్తాయి. నీళ్లు కలపని చిక్కటి మందు చేతికి తగలడం అన్నిటికంటే చేటు. మొహానికి కట్టిన కండువా తడిస్తే అది రక్షణ ఇవ్వదు సరికదా, మందును ముక్కుకు, నోటికి అంటిపెట్టుకునేలా చేస్తుంది. మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదడం, మధ్యలో బీడీ ముట్టించడం విషాన్ని నేరుగా నోట్లో వేసుకోవడమే.

డబ్బా మీద రంగు చూడండి

1968 పురుగుమందుల చట్టం, 1971 నియమాల ప్రకారం ప్రతి డబ్బా మీద మూలపై నిలబెట్టిన చతురస్రపు గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో ఉన్న రంగు విషం తీవ్రతను చెబుతుంది. ఎరుపు అయితే అత్యంత విషం. పసుపు అయితే తీవ్ర విషం. నీలం మధ్యరకం. ఆకుపచ్చ తక్కువ విషం. తక్కువ అన్నారు కదా అని ఆకుపచ్చ గుర్తు మందును ఒట్టి చేత్తో కలపకూడదు. చదువు రానివారికి కూడా రంగు తెలుస్తుంది. మందు కొట్టడానికి వచ్చిన కూలీకి ముందుగా ఆ గుర్తు చూపించడం రైతు బాధ్యత. మందు చల్లేవారికి తగిన రక్షణ దుస్తులు ఉండాలని ఆ నియమాలే చెబుతున్నాయి.

రైతు పాటించాల్సినవి

* చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, కాళ్లకు బూట్లు ఉండాలి. ట్యాంకుకూ వీపుకూ మధ్య ప్లాస్టిక్ పట్టా కట్టుకోవాలి. గుడ్డ తొడుగులు, తోలు తొడుగులు మందును పీల్చుకుంటాయి, వాడొద్దు.
* కారే ట్యాంకును బాగు చేయించాకే పనిలోకి దిగాలి.
* ఉదయం, సాయంత్రం చల్లపూట, గాలి తక్కువగా ఉన్నప్పుడు కొట్టాలి. గాలికి ఎదురు నడవకూడదు.
* మందును కర్రతో కలపాలి, చేత్తో కాదు. సిఫార్సు లేకుండా రెండు మందులు కలపొద్దు.
* పిల్లలను, గర్భిణులను, పాలిచ్చే తల్లులను ఈ పనికి పెట్టకూడదు.
* చేను గట్టున సబ్బు, బిందెడు మంచినీళ్లు ఉంచాలి. పని కాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.
* ట్యాంకును చెరువులో, కాలువలో కడగొద్దు. చేపలు చస్తాయి, పశువులు తాగే నీళ్లు పాడవుతాయి.

ఖర్చు ఎక్కువ అనుకోవద్దు. ఒక సీజనులో మందు డబ్బాలకు పెట్టే డబ్బులో తొడుగులకు అయ్యేది చాలా తక్కువ. పైగా అవి ఒక్క రోజుకే పోయేవి కావు. నలుగురు చిన్న రైతులు కలిసి రెండు జతలు కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు. వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి ఆరబెడితే చాలు.

బడి పక్క చేను

కొన్ని ఊళ్లలో బడి గోడ దాటితే చేనే. కొట్టిన మందు గాలికి తేలి పిల్లలు ఆడుకునే చోటికీ, మధ్యాహ్న భోజనం వండే చోటికీ చేరుతుంది. బడి దగ్గర చేను ఉన్న రైతు ముందురోజే ప్రధానోపాధ్యాయుడికి కబురు చెప్పాలి. ఆదివారమో, బడి వదిలాకో కొట్టుకోవాలి.

ఖాళీ డబ్బాల సంగతి ఇంకా ముఖ్యం. 2013 జూలై 16న బీహార్ సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్టు పరీక్షల్లో తేలింది. పురుగుమందు ఉంచిన డబ్బాలో నూనె పోశారు. మన ఇళ్లలో కూడా ఖాళీ డబ్బా కడిగి నీళ్లకో, కిరసనాయిలుకో వాడేవారున్నారు. మూడుసార్లు కడిగి ఆ నీళ్లు ట్యాంకులోనే పోయాలి. తర్వాత ఎవరూ వాడకుండా డబ్బాకు చిల్లులు పెట్టాలి. కాల్చొద్దు, ఆ పొగ కూడా విషమే. మిగిలిన మందును పిల్లలకు అందకుండా తాళం వేసిన పెట్టెలో పెట్టండి.

"అన్నా, తల తిరుగుతోంది" అంటే

తలనొప్పి, చెమటలు, చొంగ కారడం, వాంతులు, చూపు మసకబారడం, కండరాలు అదరడం విష లక్షణాలు. ఎండదెబ్బ అనుకుని చెట్టు కింద పడుకోబెట్టి ఊరుకోవద్దు. వెంటనే పని ఆపించి, చేతికి తొడుగు వేసుకుని, తడిసిన బట్టలు విప్పించి సబ్బునీళ్లతో ఒళ్లు కడగాలి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పోయకూడదు. పాలు, మజ్జిగ విరుగుడు కావు. 108కి ఫోను చేసి, మందు డబ్బానో దాని కాగితాన్నో వెంట తీసుకెళ్లాలి. ఆర్గానోఫాస్ఫరస్ మందులకు అట్రోపిన్ లాంటి విరుగుడు ఉంది. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చేయగలరు.

పునుకుల చూపిన దారి

అసలు విషమే తగ్గితే ముప్పూ తగ్గుతుంది. అప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల రైతులు 2000 తర్వాతి తొలి ఏళ్లలో పురుగుమందులు మానేసి పత్తి పండించారు. పొదుపు సంఘాల మహిళలు ఇందులో ముందు నిలిచారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు, చేను చుట్టూ ఎర పంటగా ఆముదం, బంతి వాళ్లు వాడిన పద్ధతులు.

5 శాతం వేప కషాయం ఇంట్లోనే చేసుకోవచ్చు. 5 కిలోల వేపగింజల పప్పును పొడి చేసి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి సాయంత్రం పూట కొట్టాలి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే ఇది బాగా పని చేస్తుంది. కాబట్టి వారానికి రెండుసార్లయినా చేనులో తిరిగి ఆకు కింద గుడ్లు చూసుకోవాలి.

ఊరంతా కలిస్తేనే ఇది నిలబడుతుంది. తొడుగు లేకుండా ఎవరినీ మందు కొట్టడానికి పిలవబోమని, బడి వేళల్లో దాని పక్క చేలల్లో కొట్టబోమని, ఖాళీ డబ్బా ఇంట్లోకి తేబోమని వచ్చే గ్రామసభలో తీర్మానం చేసుకోండి. పంటను ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పండించుకోవచ్చు. కూలికి వచ్చిన మనిషి సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేరడం ముఖ్యం.