కలప మేడకు నూజివీడు ఎంత దూరం?

నూజివీడు పేరెత్తితే నోరూరేది రసాలకే. ఇక్కడి కలప సంగతి వీణలు చేసేవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ ఎత్తరు. పనస మొద్దును తొలిచి వీణ కుండ చేసే పనివాడికి చేవ ఎక్కడుందో, ఏ మొద్దు ఎండుతూ పగులుతుందో చెయ్యి వేస్తే తెలుస్తుంది. ఆ చిన్న పనిని పక్కన పెడితే, ఈ మెట్ట సీమలో కలపంటే సుబాబుల్, జామాయిల్. నాలుగైదేళ్లకే కొట్టి, టన్నుల లెక్కన తూచి రాజమండ్రి కాగితం మిల్లుకో, భద్రాచలం దగ్గరి సారపాక మిల్లుకో పంపేస్తారు. కాగితమై పోయే ఆ కర్రకూ, యూరప్‌లో పద్దెనిమిది అంతస్తుల మేడను మోస్తున్న కర్రకూ నడుమ ఏముందన్నదే ఈ వ్యాసం.

నార్వేలోని బ్రుముండాల్‌లో 2019లో పూర్తయిన మ్యోస్టోర్నెట్ ఎత్తు 85 మీటర్లకు కాస్త పైనే. దాని స్తంభాలూ దూలాలూ కలపవే. 2022లో అమెరికాలోని మిల్వాకీలో లేచిన అసెంట్ భవనం 25 అంతస్తులతో దాన్ని కొద్దిగా దాటింది. ఇంత పెద్ద దూలాలనిచ్చే మాను ఏ అడవిలోనూ కొట్టలేదు. మామూలు పలకలను ఎండబెట్టి, పొరలు పొరలుగా జిగురుతో అతికించి, యంత్రంలో గట్టిగా నొక్కి వాటిని తయారు చేస్తారు. ఒక పొర నిలువు, దాని మీది పొర అడ్డం పేర్చితే వచ్చే మందపాటి పలకను సీఎల్‌టీ అంటారు. ప్లైవుడ్ సూత్రమే, కొలత వేరు. కలప ఈనె పొడవునా బలంగా ఉంటుంది, అడ్డంగా బలహీనం. తేమ మారితే ఉబ్బేదీ కుంచించుకుపోయేదీ కూడా అడ్డంగానే. పొరలను మార్చి పేర్చడంతో ఒకదాని లోపాన్ని ఇంకొకటి పట్టి ఆపుతుంది. 1990లలో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గెర్హార్డ్ షిక్‌హోఫర్ చేసిన పరిశోధన దీన్ని లెక్కకు దొరికే నిర్మాణ సామగ్రిగా నిలబెట్టింది.

నిప్పంటుకుంటే? లావుపాటి కలప పైనుంచి బొగ్గుగా మారుతూ వస్తుంది. మెత్త కలపలో ఆ వేగం నిమిషానికి 0.65 మిల్లీమీటర్లు, అంటే గంటకు నాలుగు సెంటీమీటర్లు. పైన పేరుకున్న బొగ్గు లోపలికి వేడి చేరకుండా అడ్డుపడుతుంది. అందుకే ఇంజినీరు కాలిపోయే మందాన్ని ముందే కలిపి దూలం కొలత నిర్ణయిస్తాడు.

కలప మేడల మీద ఇంత మోజుకు అసలు కారణం కర్బనం. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. ఎండిన కలప బరువులో సగం కర్బనం. ఘనమీటరు స్ప్రూస్ కలపలో ఎండు పదార్థం 400 కిలోలనుకుంటే, అందులో దాగిన కర్బనం 730 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఈ అంకె చూపించి కలప భవనాలన్నీ పచ్చనివేనని అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ మాటను యథాతథంగా నమ్మకూడదు.

అడవి నుంచి భవనం దాకా కలప వచ్చే దారిని లెక్కగట్టే సరఫరా గొలుసుల పరిశోధన మొదలయ్యేది ఇక్కడే. ఈ పనిలో ప్రయోగశాల కన్నా లెక్కల పుస్తకమే పెద్దది. చెట్టు ఏ అడవిలోది? కొట్టిన చోట మళ్లీ మొలిచిందా? దుంగలో ఎంత భాగం పలకగా తేలింది? దేన్ని మండించి ఎండబెట్టారు? భవనం కూల్చాక ఆ కలప పొయ్యిలోకా, ఇంకో భవనంలోకా? కోత మిల్లులో దుంగ సగం పొట్టుగా, చెక్కపేళ్లుగా పోతుంది. కాబట్టి ఘనమీటరు పలక కావాలంటే రెండు ఘనమీటర్లకు పైగా దుంగలు కొట్టాలి. ఆ రెండో సగాన్ని మండిస్తే దాని కర్బనం వెంటనే గాలిలో కలుస్తుంది.

దూరం సంగతి మాత్రం మనం అనుకున్నంత భయంకరం కాదు. పెద్ద ఓడ టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి సుమారు 10 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. వాంకూవర్ నుంచి విశాఖకు సముద్రం మీద దాదాపు 16,000 కిలోమీటర్లు. 480 కిలోల బరువుండే ఘనమీటరు పలకకు ఆ లెక్కన 80 కిలోల లోపే. లారీ అదే దూరానికి అంతకు ఎన్నో రెట్లు వదులుతుంది. గొలుసును తెంపేవి వేరే ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో మిల్లులు ఉత్పత్తి తగ్గించాయి, జనం ఇళ్ల మరమ్మతులకు ఎగబడ్డారు, 2021 మేలో అమెరికాలో కోత కలప ధర వెయ్యి బోర్డు అడుగులకు 1,600 డాలర్లు దాటింది. 2022 మార్చిలో, ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే, రష్యా, బెలారస్ కలపకు అంతర్జాతీయ ధ్రువీకరణ సంస్థలు తలుపులు మూశాయి.

కలప గొలుసులు మనకు కొత్తవేమీ కావు. బర్మా టేకు దూలాలు, తలుపులు ఉన్న పాత లోగిళ్లు కోస్తాలో ఇప్పటికీ కనిపిస్తాయి. రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ చెమటోడ్చినవాళ్లలో తెలుగు కూలీలు ఎందరో. కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కోరంగీలనేవారు. 1930 మేలో రంగూన్ అల్లర్లు మొదట విరుచుకుపడింది ఆ తెలుగు రేవు కూలీల మీదే. కలప లెక్కల్లో కూలీ బతుకును కలపని పరిశోధన సగం పరిశోధనేనని నా అభిప్రాయం.

స్వతంత్ర భారతం అడవి కలపకు క్రమంగా పగ్గాలు వేసింది. పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతుల దగ్గర తీసుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. 1993లో కేంద్ర ప్రజా పనుల శాఖ తన భవనాల్లో కలప వాడకాన్ని నిషేధించి, 2020లో ఎత్తేసింది. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అడవుల నరికివేతను గట్టిగా అదుపు చేసింది. ఇన్నేళ్లలో రైతు పొలం కాగితం మిల్లుకు ముడిపడింది. ఇంటి తలుపు కలప కోసం ఓడ వైపు చూడటం అలవాటైంది.

మరి నూజివీడు కలపకు మేడ మోసే యోగం ఉందా? మామిడి సంగతి ముందు తేల్చేద్దాం. అంటు చెట్టు తక్కువ ఎత్తులోనే కొమ్మలు చీలుతుంది. నిటారైన పొడవాటి దుంగ రాదు, పైగా పురుగు తొందరగా పడుతుంది. దూలానికి పనికిరాదు. కానీ మందు పట్టించి ఎండబెడితే బల్లలకూ బీరువాలకూ చక్కని కలప. 2017లో సిస్సూ జాతి కలపల ఎగుమతి మీద అంతర్జాతీయ నియంత్రణ వచ్చాక జోధ్‌పూర్ ఎగుమతిదారులు మామిడిని మరింతగా ఆశ్రయించారు. చెట్టు పెరిగిన నేల ఎక్కడుందో, అక్కడ అడవిని నరకలేదని రుజువేమిటో చూపాలంటూ యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలు వాయిదాలు పడుతున్నా అది కలప బల్లలకూ కుర్చీలకూ వర్తిస్తుంది. పాత తోట కొట్టేసి పామాయిల్ వేస్తున్న రైతు, ఆ మొద్దులను కట్టెల ధరకు వదిలించుకునే ముందు మామిడి కలపకున్న ఈ గిరాకీని, ఈ రుజువుల అవసరాన్ని గుర్తుంచుకోవాలి.

జామాయిల్, అంటే యూకలిప్టస్, కథ వేరు. టాస్మానియాలో తోటల్లో పెంచిన ఒక రకం యూకలిప్టస్‌తో సీఎల్‌టీ పలకలు తయారవుతున్నాయి. అయితే మన జాతులు వేరు, నాలుగేళ్ల లేత కర్ర వేరు. లేత జామాయిల్‌ను కోయగానే లోపలి ఒత్తిడికి మెలితిరుగుతుంది, చివరలు చీలుతాయి. పలక కోతకు కావలసిన లావు, చేవ రావాలంటే చెట్టును పదేళ్లు దాటి ఉంచాలి. ఆపైన పలకల తేమను 12 శాతం దగ్గరికి దించే ఆవిరి గదులు, బలాన్ని బట్టి వేరుచేసే పరీక్ష, చెదపురుగును ఆపే మందు, పెద్ద ప్రెస్సు కావాలి. మన గొలుసులో లేనిది చెట్టు కాదు, ఈ నడిమి లంకెలు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సివిల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. బెంగళూరులో కలప శాస్త్ర సాంకేతిక సంస్థ ఉంది. పక్క పొలంలో ముదిరిన జామాయిల్ దుంగలు పది తెచ్చి, కోసి, ఎండబెట్టి, విరిచి చూసి ఆ అంకెలు ప్రకటిస్తే, విదేశీ నివేదికలు తిరగెయ్యడం కన్నా ఎక్కువ మేలు.

రైతుకు ఒక మాట. కలప మేడల వార్తలు చదివి, నాలుగేళ్లకు కొట్టే తోటను పదిహేనేళ్లు ఉంచేయకండి. ఏ లావుకు ఏ ధరో కొనేవాడు ముందుగా రాసిచ్చేదాకా కాగితం మిల్లు లెక్కే మీకు క్షేమం.