క్యాన్సర్ తిరగబెట్టిందా? పాత రిపోర్టు ఒక్కటే చాలదు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఐదారేళ్లయింది. అమ్మీ బాగానే ఉన్నారు. ఈమధ్య నడుం నొప్పి అంటే స్కాన్ తీశారు, ఎముకలో మచ్చ కనిపించింది. డాక్టర్ మళ్లీ బయాప్సీ అంటున్నారు. 'రోగమేదో తెలిసిందే కదా, మళ్లీ సూది ఎందుకు?' అని ఇంట్లోవాళ్లు అడుగుతారు.

కారణం ఉంది. కొన్ని రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల ఆసరాతో పెరుగుతాయి. ఆ హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు కణాల్లో ఉంటే రిపోర్టులో 'పాజిటివ్' అని రాస్తారు. టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి మాత్రలు అలాంటివారికే పనిచేస్తాయి.

అయితే క్యాన్సర్ వేరే చోటికి పాకాక ఈ గుణం మారొచ్చు. ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఫలితం దాదాపు ఐదుగురిలో ఒకరికి, ప్రొజెస్టెరాన్‌ది పదిమందిలో ముగ్గురికి మారినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. హెర్2 ఫలితం కూడా కొందరిలో మారుతుంది. మందులకు లొంగని కణాలే మిగిలి పెరగడం ఒక కారణం. ఫలితం మారితే చికిత్స కూడా మారొచ్చు. ఒక్కోసారి మునుపు పనికిరాని మందు ఇప్పుడు పనికొస్తుంది.

ఇంకో సంగతి. ఎముక ముక్కను పరీక్షకు ముందు యాసిడ్‌తో మెత్తబరిస్తే రిసెప్టర్లు ఉన్నా 'నెగటివ్' అని రావచ్చు. అందుకే ఫలితం మారితే 'ఇది నిజంగా మారిందా, పరీక్షలో తేడానా?' అని డాక్టర్‌ని అడగండి. మచ్చ సూదికి అందని చోట ఉంటే పాత రిపోర్టే ఆధారం. అందేచోట ఉంటే మాత్రం భయంతో బయాప్సీ వద్దనకండి.